కిటికీ చుట్టూ ఉన్న ఆ అరంగుళం
ఇల్లు కట్టేవారి సందేహాలు – జవాబులు

పోయిన నెల కిటికీల రకాల గురించి రాశాను. ఏది మంచిది, ఎంతవుతుంది అని అడుగుతారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కిటికీ గురించి కాదు, కిటికీకీ గోడకీ మధ్య మిగిలే సందు గురించే. అందుకే ఈ నెల మొత్తం దానికే ఇచ్చేశాను.

సార్, మాది విశాఖలో సముద్రం వైపు మూడో అంతస్తు. పాత కర్ర కిటికీలు తీసేసి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్‌వి) పెట్టించాం. చుట్టూ ఉన్న సందుని మేస్త్రి సిమెంటుతో గట్టిగా పూడ్చాడు. ఏడాది తిరగకముందే ఫ్రేమ్ చుట్టూ వెంట్రుకంత పగులు వచ్చింది. మామూలు వానకి ఏమీ లేదు, గాలివాన వస్తే మాత్రం లోపలి గోడ ఊరుతోంది. లప్పం పెట్టి రంగు వేయిస్తే రెండు నెలలు బాగుంటుంది, మళ్లీ మామూలే. కిటికీ నాసిరకందా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

కిటికీని తిట్టకండి, పాపం దాని తప్పేమీ లేదు. ఆ పగులు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. యూపీవీసీ ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. మీటరు పొడవుకి ఒక్క డిగ్రీ తేడాకి సుమారు 0.07 మిల్లీమీటర్లు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ, రెండు మీటర్ల ఫ్రేమ్ తెల్లవారుజామున ఉన్న వేడికీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కిన వేడికీ మధ్య 30 డిగ్రీలు తేడా ఉంటే నాలుగు మిల్లీమీటర్లకు పైనే కదులుతుంది. ముదురు రంగు ఫ్రేమ్ అయితే ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. సిమెంటు అంతగా కదలదు. రోజూ కదిలేదాన్నీ దాదాపు కదలనిదాన్నీ అతికిస్తే ఎక్కడో ఒకచోట విడిపోవాల్సిందే, ఆ విడిపోయిన చోటే మీకు కనిపిస్తున్న వెంట్రుక పగులు.

మరి మామూలు వానకి ఎందుకు రావడం లేదంటే, నీరు తనంతట తాను ఆ సన్న పగులులోకి పెద్దగా పోదు, గాలి నెట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మీరు అక్కడ ఉండి ఉంటే నేను చెప్పనక్కర్లేదు, వాన పైనుంచి కిందికి కాదు, పక్కనుంచి అడ్డంగా కొట్టింది. అలాంటప్పుడు సన్‌షేడ్ ఉన్నా లేనట్టే.

ఇప్పుడేం చేయాలి? ముందు ఆ సందే కారణమని రూఢి చేసుకోండి. మనిషిని పెట్టి బయటినుంచి పైపుతో నీళ్లు కొట్టించండి, ఒకరు లోపల నిలబడి చూడాలి. కింది అంచుతో మొదలుపెట్టి, ఒక్కో చోట నాలుగైదు నిమిషాలు ఆగి, అప్పుడు పక్కలకి, చివర్న పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా కారి, ఎక్కడ ఊరిందో తెలియదు. ఇంకొకటి, ఫ్రేమ్ కింది పట్టాలో బయటివైపు చిన్న చిన్న రంధ్రాలుంటాయి, పట్టాలో పడిన వాన నీరు బయటికి పోవడానికే అవి. మేస్త్రిగారు సిమెంటు పూసే ఉత్సాహంలో వాటిని కూడా మూసేసి ఉంటే నీరు లోపలికే పొంగుతుంది. ఇలా మూసేసినవి నేను చాలాచోట్ల చూశాను, ఒక సూదితో పొడిస్తే తీరిపోయే పని.

సందే కారణమని తేలితే బయటివైపు ఫ్రేమ్ పొడవునా ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల వెడల్పున సిమెంటుని గాడిలా కోయించండి. ఉలీ సుత్తీ వద్దు, ఫ్రేమ్ పగులుతుంది, చిన్న కటింగ్ మెషీన్ చాలు. లప్పం, రంగు, దుమ్ము అంతా గీకేసి ఆరనివ్వండి. గాడిలోకి నురుగుతో చేసిన గుండ్రటి తాడు దొరుకుతుంది, బ్యాకర్ రాడ్ అంటారు, అది దూర్చి దానిమీద సీలెంట్, అంటే ఆరాక రబ్బరులా సాగే పేస్టు, పట్టించండి. ఆ తాడు ఎందుకంటే సీలెంట్ ఫ్రేమ్‌కీ గోడకీ రెండువైపులా మాత్రమే అంటుకోవాలి, వెనకాల కూడా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. లోతు వెడల్పులో సగం ఉంటే బాగా సాగుతుంది. ఇక సీలెంట్ కొనేటప్పుడు ఒక్కటే గుర్తు: పూస్తుంటే వెనిగర్ వాసన ఘాటుగా కొట్టే సిలికాన్ గాజుకి మంచిదే గానీ సిమెంటుకీ రాయికీ ఇనుముకీ పనికిరాదు. షాపులో న్యూట్రల్ సిలికాన్ అని అడగండి. సిలికాన్ మీద రంగు పట్టదు, రంగు వేయాలనుకుంటే ఎంఎస్ పాలిమర్ రకం తీసుకోండి, కాస్త ఖరీదు.

లప్పం మాత్రం మళ్లీ పెట్టించకండి, అది గోడ నునుపు కోసం పుట్టింది, నీటిని ఆపడానికి కాదు.

నమస్తే అండి. కొంపల్లిలో ఇల్లు కడుతున్నాం, గిలాబు (ప్లాస్టరింగ్) నడుస్తోంది. కిటికీల వాళ్లు సందులో ఫోమ్ (డబ్బాలోంచి కొడితే పొంగి గట్టిపడే నురుగు) కొడతాం, దానికి వేరే డబ్బులు అంటున్నారు. మా మేస్త్రి ఏమో "ఫోమ్ గీమ్ ఏం వద్దు, నేను సిమెంటు మాలుతో నింపుతా" అంటున్నాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు, మధ్యలో నాకు టెన్షన్. ఫోమ్ వల్ల ఇల్లు చల్లగా ఉంటుందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

మీరు అదృష్టవంతులు, గిలాబు అయ్యాక కాకుండా నడుస్తుండగా అడిగారు.

ముందు చివరి ప్రశ్నకి నిజం చెప్పేస్తాను. ఫోమ్ కొట్టినంత మాత్రాన ఇల్లు చల్లబడదు. హైదరాబాద్ ఎండలో గదిలోకి వచ్చే వేడిలో పెద్ద వాటా అద్దంలోంచి నేరుగా పడే ఎండదీ, పైకప్పుదీ. ఇంధన పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళిలో కూడా గోడలూ కిటికీల మీదుగా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదని లెక్క పెట్టి, అందులో అద్దానికీ, దానిమీద పడే నీడకీ చాలా విలువ ఇచ్చారు. పడమటి కిటికీకి సన్‌షేడ్ లేకుండా ఫోమ్ గురించి ఆలోచించడమంటే తలుపు తీసిపెట్టి తాళం బేరమాడటమే.

అయితే ఫోమ్ ఎందుకంటే గాలి కోసం. ఒక చిన్న లెక్క వేయండి. నాలుగు అడుగుల వెడల్పు, అయిదు అడుగుల ఎత్తు కిటికీ చుట్టుకొలత 18 అడుగులు, అంటే అయిదున్నర మీటర్లు. చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు మిగిలినా మొత్తం 110 చదరపు సెంటీమీటర్లు. గోడకి అరచెయ్యంత కన్నం పెట్టి ఏసీ వేసుకున్నట్టు. దుమ్ము, చీమలు, బయటి వేడిగాలి అన్నీ ఆ దారినే వస్తాయి. మాలుతో నింపితే మొదటి రోజు మూసుకుంటుంది, పైన విశాఖ పాఠకురాలికి చెప్పిన కారణానికే తర్వాత తెరుచుకుంటుంది. పైగా పది మిల్లీమీటర్ల సందులోకి మాలు లోపలి దాకా పోదు, మొహాన పూత ఉంటుంది, వెనకాల డొల్ల. వేలితో కొట్టి చూడండి, శబ్దం చెబుతుంది.

ఇద్దరి గొడవ ఎలా తీర్చాలంటే, పని పంచేయండి. కన్నం మూడు పక్కలా గిలాబు చేసి, మట్టం చూసి, కింద గ్రానైట్ పలక బయటివైపు వాలుగా పరిచి ఇవ్వడం మేస్త్రి పని. ఆ తర్వాత ఫ్రేమ్ కిటికీల వాళ్ల పని, సందు కూడా వాళ్లదే. గిలాబు కాకముందు కొలతలు తీసుకెళ్లే కిటికీల వాళ్లని నమ్మకండి. గిలాబు అయ్యాక వెడల్పు మూడుచోట్ల, ఎత్తు మూడుచోట్ల కొలిచి, తక్కువ వచ్చినదాన్ని పట్టుకుని, దాంట్లోంచి ఒక్కో పక్కకి 5 నుంచి 10 మిల్లీమీటర్లు వదిలి ఫ్రేమ్ చేయించాలి. సందు లేకుండా టైట్‌గా చేయించమని గొప్పగా చెప్పే ఇంటి యజమానులున్నారు, వేసవిలో రెక్కలు పట్టేసినప్పుడు ఫోన్ చేస్తారు.

ఫ్రేమ్ నిలబెట్టాక మొదట స్క్రూలు, తర్వాతే ఫోమ్. మూలనుంచి 150–200 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, ఆ తర్వాత 600కి మించకుండా ఒక్కోటి. స్క్రూ ఉన్నచోట ప్లాస్టిక్ ముక్క ఆసరా పెట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు ఫ్రేమ్ గోడవైపు వంగుతుంది. ఫోమ్ అనేది నింపడానికే, పట్టుకోవడానికి కాదు. రెండు స్క్రూలు మానేసి "ఫోమ్ పట్టేస్తుంది సార్" అనేవాడు కనిపిస్తే పని ఆపేయండి.

ఫోమ్ కొట్టే రోజు మీరు దగ్గర ఉండండి, అరగంట పని. డబ్బా మీద తక్కువ వ్యాకోచం అని ఉన్న కిటికీల రకమే కావాలి, మామూలుది బాగా పొంగి ఫ్రేమ్‌ని లోపలికి బొజ్జలా నెట్టేస్తుంది, తర్వాత రెక్క జరగదు. గోడ అంచుమీద ముందు కొంచెం నీళ్లు చల్లాలి, ఈ ఫోమ్ తేమతోనే గట్టిపడుతుంది, మన ఏప్రిల్ ఎండలో ఆరిపోయి ఉన్న ఇటుకమీద కొడితే లోపల సరిగ్గా అమరదు. డబ్బాని బాగా ఊపి, తలకిందులుగా పట్టుకుని, సందులో సగానికి కొంచెం పైదాకా నింపితే చాలు, మిగతాది అదే పొంగుతుంది. తడిగా ఉండగా ఎవరూ వేలుపెట్టి నొక్కకూడదు, మేస్త్రులకి ఆ దురద ఎక్కువ, నొక్కితే గాలిగదులు చచ్చి ముద్దవుతుంది. ఆరాక ఎక్కువైంది కత్తితో కోసేసి, బయటివైపు సీలెంట్‌కి చోటు వదలాలి.

ఆ సీలెంట్ మాత్రం తప్పనిసరి. ఫోమ్‌కి ఎండ పడదు. కొన్ని నెలలు ఎండలో ఉంటే పసుపు నుంచి గోధుమ రంగుకి తిరిగి, వేలితో రుద్దితే పొడిలా రాలుతుంది. ఫోమ్ కొట్టి, సీలెంట్ రేపు వేస్తామని వెళ్లిపోయి మళ్లీ రాని ఇళ్లు ఎన్నో.

ఖర్చు సంగతికొస్తే, మీ నాలుగు బై అయిదు కిటికీకి పది మిల్లీమీటర్ల సందు, 60 మిల్లీమీటర్ల ఫ్రేమ్ మందం లెక్కన మూడు లీటర్ల పైచిలుకు ఫోమ్ చాలు. గన్‌తో కొట్టే 750 మిల్లీలీటర్ల డబ్బా పొంగితే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. వృథా పోగా నాలుగైదు కిటికీలకు తక్కువ రాదు. కిటికీకి ఒక డబ్బా చొప్పున బిల్లు వేస్తే నిలదీయండి.

బాబూ, మాది నరసరావుపేట దగ్గర పల్లె. అబ్బాయి ఇల్లు కడుతున్నాడు, టేకు చౌకట్లు, గోడ కట్టేటప్పుడే నిలబెట్టాం. మా పాతింటి కిటికీల చుట్టూ పగుళ్లు, ఆ పగుళ్లలోంచి చెదలు. కొత్తింటికీ అలాగే అవుతుందా? ఫోమ్ అని ఏదో కొట్టాలంటున్నారు, కర్రకి కూడానా? – ఒక రైతు

పెద్దాయన గారూ, గోడతో పాటు నిలబెట్టిన చౌకట్టుకి ఫోమ్ అవసరం పెద్దగా లేదు. హోల్డ్‌ఫాస్ట్‌లు (చౌకట్టుని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు) పెట్టి, వాటి దగ్గర కాంక్రీటు పోసి ఉంటే అది ఎక్కడికీ పోదు. కానీ కర్ర నిలువునా సాగదు, అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం లాగుతుంది. ఎంత సీజనింగ్ చేసిన టేకైనా కొంచెం ఉంటుంది. అందుకని గిలాబుని చౌకట్టు మీదికి ఎక్కించి నున్నగా కలిపేయమనకండి, అక్కడ తప్పక పగులుతుంది. మేస్త్రికి చెప్పి చౌకట్టు పక్కనే ఎనిమిది మిల్లీమీటర్ల గాడి సూటిగా తీయించండి. పగులు వచ్చేదేదో ఆ గాడిలోనే వస్తుంది, కంటికి కనపడదు. లోపలివైపు గాడిమీద కర్ర బీడింగ్ కొట్టుకోవచ్చు, మేకులు చౌకట్టుకే కొట్టాలి, గోడకి కాదు. బయటివైపు గాడిలో సీలెంట్.

చెదల సంగతి వేరు. పాతింట్లో చౌకట్టు వెనకాల డొల్లని మేస్త్రులు దేనితో నింపారో తీసి చూస్తే తెలుస్తుంది: సిమెంటు బస్తా కాగితాలు, సెంట్రింగ్ చెక్క ముక్కలు. చెదలకి అంతకన్నా విందు ఏముంది! కొత్తింట్లో అది జరగనివ్వకండి. గోడకి ఆనే వైపు చౌకట్టుకి ముందే తారు గానీ చెదలమందు గానీ పూయించి ఉండాలి, పూయించకపోతే కనపడే అంచుల్లోంచి అయినా మందు పట్టించండి. ఫోమ్‌ని చెదలు తినవు గానీ దాంట్లో సొరంగాలు చేసుకుని పోతాయి, కాబట్టి అది కొడితే చెదలు ఆగుతాయన్న మాట నమ్మకండి. అసలు మందు పునాది దగ్గర పడాలి.

ఈమధ్య గ్రానైట్ చౌకట్లు పెట్టేవాళ్లు కూడా మీ వైపు ఎక్కువయ్యారు. దానికి కర్రలా ఉబ్బడం లేదు, సిమెంటుతో కూర్చినా ఫరవాలేదు.

అన్నా, డాలస్ దగ్గర కొత్త ఇల్లు కట్టిస్తున్నాం. ఫ్రేమింగ్ అయింది, వచ్చే వారం డ్రైవాల్ (లోపలి గోడకి కొట్టే జిప్సం పలకలు). కిటికీల చుట్టూ సందుల్లో గులాబీ రంగు ఫైబర్ గ్లాస్ దూది కుక్కేసి పోయారు. బిల్డర్ ఇదే పద్ధతి అంటున్నాడు. గట్టిగా అడగొచ్చా? – ఒక పాఠకుడు, టెక్సస్

అడుగు తమ్ముడూ, ఈ వారమే అడుగు, డ్రైవాల్ పడ్డాక అడిగినా లాభం లేదు. ఆ దూది వేడిని ఆపుతుంది, గాలిని ఆపదు. కుక్కి కుక్కి నింపితే వేడిని ఆపే గుణమూ తగ్గుతుంది. కొన్నేళ్ల తర్వాత తీసి చూస్తే నల్లగా ఉంటుంది, గాలిలో దుమ్మంతా వడకట్టుకుని. కిటికీలు, తలుపుల కోసమని డబ్బా మీద రాసి ఉన్న తక్కువ పొంగే ఫోమ్ కొట్టించమను. కిటికీ కంపెనీ ఇన్‌స్టలేషన్ కాగితం ముందు చదువు, వాళ్లు ఒప్పుకోని ఫోమ్ కొడితే వారంటీకి ఎసరు.

ఇక్కడ మన గోడలకీ మీ గోడలకీ ఒక తేడా ఉంది. మన ఇటుక గోడకి తడి తగిలితే మరక, ఎండితే పోతుంది. మీది చెక్క అస్థిపంజరం, లోపల తడి నిలిచిందంటే కుళ్లు, బూజు. అందుకే అక్కడ నీరు రాకుండా ఆపడంతో సరిపెట్టరు, వచ్చినది బయటికి పోయే దారి కూడా పెడతారు. కిటికీకి చుట్టూ రెక్కలాంటి అంచు ఉంటుంది కదా, పై అంచూ పక్క అంచులూ టేపుతో మూయాలి, కింది అంచు మాత్రం మూయకూడదు. కిటికీ కింద పళ్లెంలాంటి ఏర్పాటు ఉందో లేదో చూడు. ఫోమ్ కూడా ఇంటి లోపలివైపు ఒక వరస చాలు, బయటిదాకా నింపితే ఆ నీటి దారి మూసుకుపోతుంది. జాగ్రత్తగా చేద్దామని అన్నీ మూసేసి ఇల్లు పాడుచేసుకునేవాళ్లు ఉంటారు.

ఇల్లు అప్పగించేముందు బ్లోయర్ డోర్ టెస్ట్ చేస్తే ఆ కాగితం అడిగి తీసుకో. గుమ్మానికి పెద్ద ఫ్యాన్ బిగించి లోపలికీ బయటికీ 50 పాస్కళ్ల ఒత్తిడి తేడా తెచ్చి, ఇంట్లోంచి గాలి ఎంత లీకవుతోందో కొలుస్తారు. ఫ్యాన్ తిరుగుతుండగా కిటికీల పక్కన చెయ్యి పెట్టి తిరుగు, మిషన్ కన్నా ముందు నీ చేతికే తెలుస్తుంది. అన్నట్టు డాలస్ కింద నేల కూడా మన నల్లరేగడి లాంటిదే, తడికి ఉబ్బి ఎండకి బీటలు తీస్తుంది. ఇల్లు కొంచెం కదలడం ఖాయం, కిటికీ మూలల్లో డ్రైవాల్ పగుళ్లు వస్తే ఆ తప్పు ఫోమ్ మీద వేయకు.

విజయవాడలో హైవే పక్కన అద్దె ఫ్లాట్. లారీల మోతకి పిల్లలకి నిద్ర లేదు. కిటికీ చుట్టూ ఫోమ్ కొట్టిస్తే తగ్గుతుందా?

సందు ఉంటే కచ్చితంగా తగ్గుతుంది. శబ్దం ఎంత మొండిదంటే, గోడ ఎంత దిట్టమైనదైనా దాని వైశాల్యంలో నూరో వంతు కన్నం ఉంటే ఇక 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. కానీ మీది జరిపే రెక్కల కిటికీ అయితే అసలు దారి ఫ్రేమ్ చుట్టూ కాదు, రెక్కల మధ్య. అక్కడ ఉండే బ్రష్ పట్టీలు అరిగిపోయి ఉంటాయి. అద్దె ఇంట్లో గోడ తవ్వించే బదులు అవి మార్పించండి, తక్కువలో అయిపోతుంది, ఓనరుని అడగక్కర్లేదు. రాత్రి గదిలో లైటు ఆర్పి, బయటినుంచి ఎవరినైనా టార్చి వేయమనండి, వెలుతురు కనపడిన చోటల్లా మోత వస్తున్నట్టే.

ఫోమ్ డబ్బా సగం మిగిలింది, చేతికి కూడా అంటుకుంది. ఏం చేయాలి?

తడిగా ఉంటే అసిటోన్‌తో పోతుంది. ఆరిపోయి ఉంటే ఇక ఏమీ చేయలేరు, చర్మంతో పాటు నాలుగైదు రోజుల్లో అదే ఊడిపోతుంది. ఈసారి గ్లౌజులు వేసుకోండి. స్ట్రా ఉన్న డబ్బా అయితే ఆశ వదులుకోండి, గొట్టంలో గట్టిపడిపోయి ఉంటుంది. గన్ డబ్బా అయితే గన్ విప్పకుండా, నాబ్ బిగించి, నిలబెట్టి ఉంచితే కొన్ని వారాలు వస్తుంది. లోపల మండే గ్యాస్ ఉంటుంది కాబట్టి స్టవ్ దగ్గరా, ఎండలో ఆపిన కారు డిక్కీలోనూ పెట్టకండి.